వేరు పేరెవరూ అడగరు

ఫోను పెట్టేసి మా చెల్లి పోయిందని చెప్పగానే మా అత్తగారు ముందు ఏడ్చారు. నిజంగానే ఏడ్చారు, ఆవిడది మెత్తని మనసే. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని వేళ్లు మడిచారు. "మీ పిన్ని కూతురు. పెళ్లయి ఇంటిపేరు మారింది. ఎటు చూసినా మనకి అంటు లేదమ్మా. తల మీద నీళ్లు పోసుకో, చాలు. దీపం మానక్కర్లేదు."

పోసుకున్నాను. తడి జుట్టుతో వంటింట్లో నిలబడి ఆ మాటే పదిసార్లు అనుకున్నాను. అంటు లేదట. నా బిడ్డని తొమ్మిది నెలలు తన కడుపులో మోయడానికి సిద్ధపడి, కోర్టులో సంతకం పెట్టి, మందులు కూడా మొదలుపెట్టిన మనిషి పోతే నాకు అంటు లేదు. అత్తగారి తప్పేం లేదు. ఆవిడ వేళ్ల మీద లెక్కకి అందే చుట్టరికం కాదు మాది.

తను ఈ మాట వింటే నవ్వేది. అంటు అనే మాట మీద తనకొక వేళాకోళం ఉండేది. ఏడేళ్ల పిల్లగా మా ఇంటికి వచ్చింది. పిన్నికి జబ్బు చేస్తే మా అమ్మ తెచ్చి పెంచుకుంది. పెద్దమనిషి అయింది కూడా మా ఇంట్లోనే. అప్పుడు మా నాన్నమ్మ బతికే ఉంది, నెలకి మూడు రోజులు పిల్లని వసారాలో చాప మీద కూర్చోబెట్టి కంచం కూడా వేరే పెట్టేది. తర్వాత తనని కడియం వైపు ఇచ్చారు. అత్తవారిది చిన్న నర్సరీ. అక్కడ తను మామిడి మొక్కలకి అంటు కట్టడం నేర్చుకుంది. "నాన్నమ్మ అంటు అంటే నన్ను తలుపవతల కూర్చోబెట్టిందక్కా. ఇక్కడ అంటు కడతానంటే పిలిచి పీట వేస్తున్నారు. ఒకటే మాట, గోదారి దాటేసరికి దానికి విలువొచ్చేసింది," అనేది.

తన పేరు ఇక్కడ రాయడం లేదు. ఆసుపత్రి కాగితాల మీద, అఫిడవిట్ల మీద, కాకినాడలో ఓపీ చీటీల మీద ఎన్నిసార్లు రాశానో. ఇంక నా చేతికి ఆ పేరు రాయబుద్ధి కావడం లేదు.

మనిషి పొట్టి. గబగబా నడిచేది. ఎడమ చేతి బొటనవేలి మీద బ్లేడు గాట్లు, పాతవీ కొత్తవీ కలిసిపోయి ఉండేవి. నడుము దగ్గర చీరలో ఎప్పుడూ ఓ ప్లాస్టిక్ రిబ్బను చుట్ట దోపుకుని ఉండేది, అంటు కట్టే రిబ్బను. కనబడినదల్లా దాంతో కట్టేసేది. బస్సులో నా హ్యాండుబ్యాగు పట్టీ తెగితే కట్టింది. ఆసుపత్రి ఫైలు విచ్చుకుంటే కట్టింది. ఒకసారి క్లినిక్కులో మా పక్కన కూర్చున్న ఎవరో అమ్మాయి చెప్పు తెగితే, ఆ అమ్మాయిని అడక్కుండానే కిందకి వంగి కట్టేసింది. ఆ ముడులు విప్పడం నా వల్ల అయ్యేది కాదు, కత్తిరించాల్సిందే.

నేను ఇంటర్ పిల్లలకి బోటనీ చెబుతాను. అంటు కట్టడం మీద నా దగ్గర ఏళ్ల నాటి నోట్సు ఉంది, బొమ్మలతో సహా. నా చేత్తో ఒక్క మొక్కకీ కట్టలేదు. తను ఏడిపించేది. "నువ్వు బోర్డు మీద కట్టినవి ఎన్ని బతికాయక్కా?" అని.

మాకు ఒక పాప పుట్టి పోయింది. పుట్టి అని కూడా అనకూడదు, ఎనిమిదో నెలలో లోపలే పోయింది. రక్తం ఆగకపోతే నన్ను బతికించడానికి గర్భసంచి తీసేశారు. అప్పుడు అందరూ వచ్చి ఓదార్చారు, దేవుడు రాసిన రాత అన్నారు, పెంచుకోవచ్చుగా అన్నారు. తను వచ్చి మూడు రోజులుండి ఒక్క మాటా అనకుండా వంట చేసి, బట్టలుతికి, నాకు తల దువ్వి వెళ్లిపోయింది. చిన్నప్పుడు తన తల నేను దువ్వేదాన్ని. ఆ మూడు రోజులూ తను దువ్వింది.

రెండేళ్ల తర్వాత ఒక వేసవిలో మా కొవ్వూరు ఇంటికి పనసకాయ తెచ్చింది. వంటింట్లో కింద కూర్చుని కత్తితో పొట్టు కొడుతూ, దెబ్బకీ దెబ్బకీ మధ్యలో మాట్లాడింది.

"అక్కా, నీకు గర్భసంచి ఒక్కటే కదా తీసేసింది. మిగతావి ఉన్నాయిగా."

"ఉన్నాయి."

"బావ ఉన్నాడుగా."

"ఉన్నాడు. ఏం?"

"మాకు ఇద్దరు పిల్లలు చాలు. నా కడుపు ఖాళీగానే ఉందిగా మరి."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం వచ్చింది. టీవీలో చూసి ఏదో వాగుతోంది అనుకున్నాను. అద్దె గర్భం అంటే ఆషామాషీ కాదు, ఇప్పుడు చట్టాలు మారాయి, డబ్బు మాటే ఉండకూడదు, జీవితంలో ఒక్కసారే చేయనిస్తారు అని లెక్చరర్లాగే చెప్పుకుపోయాను. తను పొట్టు కొట్టడం ఆపింది. "అద్దేంటక్కా? ఇంటికొచ్చిన చుట్టాల్ని అద్దె అడుగుతామా?" అంది. మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది. ఆ రోజు పనసపొట్టు కూరలో ఆవ ఎక్కువై అందరికీ ముక్కులు అదిరాయి. నా కళ్లల్లో నీళ్లకి అదే కారణం అనుకున్నారు మా అత్తగారు.

వాళ్లాయన్ని తనే అడిగిందట. "మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు, మరి కుండీలు మొయ్యకూడదు కదా, మనిషిని పెట్టుకోవాలి అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టేగా," అని ఫోనులో చెప్పింది. వాళ్ల ఊళ్లో మాత్రం నడుం నొప్పికి రాజమండ్రిలో చూపించుకుంటున్నానని చెప్పుకుంది.

రాజమండ్రిలో మేం వెళ్లిన క్లినిక్కు రెండంతస్తుల భవనం. పిల్లలు లేనివాళ్లు వచ్చే చోటు కాబట్టి హాల్లో ఎవరూ ఎవరి మొహం చూడరు. అందరూ ఫోన్లలోకి తలలు దించుకుని కూర్చుంటారు. నేనూ అంతే. మా కాలేజీ వాళ్లెవరైనా కనబడతారేమోనని మాస్కు కూడా పెట్టుకునేదాన్ని. తను మొదటిరోజే పక్కావిడని అడిగింది, "ఏ ఊరండి మీది?" ఆవిడ ఉలిక్కిపడింది. తర్వాత చెప్పింది. అవతలావిడా చెప్పింది. మూడో వారానికి ఆ హాల్లో ఎవరికెన్నేళ్లయిందో, ఎవరి అత్తగారు ఎలాంటిదో, ఎవరికి ఇంజక్షన్ల వల్ల ఒళ్లు వచ్చిందో తనకి తెలిసిపోయింది. "ఇది నర్సరీ సంత కాదే," అని గిల్లేదాన్ని. "సంతైతే బాగుండునక్కా, ఒకళ్లనొకళ్లు చూసుకుంటారు," అనేది.

డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. దీన్ని హోస్ట్ సరోగసీ అంటారమ్మా, అండం మీ అక్కగారిది, బీజం బావగారిది, పిండం ఇక్కడ తయారుచేసి మీ గర్భసంచిలో పెడతాం, బిడ్డకి మీ రక్తసంబంధం ఏమీ ఉండదు, మీ పోలికలూ రావు, తర్వాత నా బిడ్డ అని అడగడానికీ ఉండదు. అర్థమైందా అని రెండుసార్లు అడిగింది.

"అర్థమైందండి," అంది తను. "పుల్ల మామిడి టెంక మొక్క ఉంటదండి, దాని మీద కొత్తపల్లి కొబ్బరి మామిడి కొమ్మ అంటు కడతాం. కాసేది కొత్తపల్లి కొబ్బరే. పండు తిన్నోళ్లు కొమ్మ పేరు చెప్పుకుంటారు గానీ వేరు పేరెవరూ అడగరండి."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసి నవ్వింది. ఇకనుంచి అందరికీ ఇలాగే చెబుతాను అంది. తను మాత్రం నవ్వలేదు. కాస్త ఆలోచించి ఇంకో ప్రశ్న వేసింది. "మరి పాలండి? పాలు నాకే వస్తాయి కదా. వాటికేం కాగితం రాయక్కర్లేదా?"

డాక్టరమ్మ ఏదో జవాబు చెప్పింది, నేను వినలేదు. ఆ క్షణంలో నాకు తన మీద భగ్గుమని అసూయ పుట్టింది. నా కోసం ఒళ్లు ఇస్తానని వచ్చిన పిల్ల మీద అసూయ. ఇప్పుడు రాస్తే సిగ్గుగా ఉంది కానీ, పుట్టిన మాట నిజం.

కాగితాలకి ఎనిమిది నెలలు పట్టింది. జిల్లా మెడికల్ బోర్డు, నోటరీ, తనకి ఇన్సూరెన్సు, మానసిక స్థితి బాగుందని సర్టిఫికెట్టు, చివర్న కోర్టు. మేజిస్ట్రేటు గారు ఆడమనిషే, చిన్న వయసు. మమ్మల్ని బయట ఉంచి తనని ఛాంబరులో విడిగా అడిగారు. తలుపు ఓరగా ఉండి మాకు వినబడుతూనే ఉంది.

"మిమ్మల్నెవరైనా బలవంతం చేశారా అమ్మా?"

"లేదండి. నేనే మా అక్కని బలవంతం చేశానండి."

"ఎందుకు చేస్తున్నారు?"

మా ఆయన నా వైపు చూశారు. తర్వాత తన గొంతు వినబడింది. "చిన్నప్పుడు నాకు తట్టు పోసినప్పుడు మా అక్క పరీక్షలు మానేసి నా దగ్గర కూచుందండి." నాకా సంగతి గుర్తే లేదు. ఇప్పటికీ గుర్తు రాలేదు. అది నిజమో, కోర్టులో ఏదో ఒకటి చెప్పాలి కదా అని అప్పటికప్పుడు అల్లిందో కూడా నాకు తెలియదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇంతవరకూ రాసిందంతా దాన్ని వాయిదా వేయడానికే రాశానేమో.

మొదట్లోనే రక్తపరీక్షలు, స్కానింగు అన్నీ చేశారు, బాగానే ఉన్నాయన్నారు. లోపలి పరీక్ష ఒకటి మిగిలింది. గర్భసంచి మూతి దగ్గర పుల్లతో తుడిచి పరీక్షకి పంపేది. ఆ రోజు తను నర్సుతో "బయట ఉన్నానండి" అంది. నర్సు సరేనని ఇంకో తారీఖు ఇచ్చింది. మధ్యలో కోర్టు పనులు వచ్చాయి. మళ్లీ వెళ్లినప్పుడు మళ్లీ "బయట ఉన్నానండి" అంది. మళ్లీ తారీఖు మారింది. మా వైపు ఆడవాళ్లకి ఆ ఒక్క మాట చాలు. బయట ఉన్నాను అంటే గుడికి పిలవరు, ముహూర్తం జరుపుతారు, డాక్టరైనా పరీక్ష వాయిదా వేస్తుంది. ఏ రక్తం, ఎన్నో రోజు, నెల తప్పి వచ్చిందా మధ్యలో వచ్చిందా అని ఎవరూ ఎదురడగరు. చదువుకున్న నర్సూ అడగలేదు.

నాకు మాత్రం లెక్క కుదరలేదు. మందులు మొదలుపెట్టాల్సిన రోజు కోసం తన నెల తారీఖులు నా ఫోనులోనే రాసుకునేదాన్ని. ఆ రెండోసారి తనకి రావాల్సిన రోజు కాదు. క్లినిక్కు నుంచి బయటికి వచ్చి, బస్సు కోసం ఆర్టీసీ కాంప్లెక్సుకి వెళ్లి, అక్కడ సిమెంటు బల్ల మీద కూర్చుని అడిగాను.

తను కొబ్బరిబొండాంలో గొట్టం తిప్పుతూ చెప్పింది. "మధ్యమధ్యలో కనబడతా ఉందక్కా. మూడు నెలలైంది. ఆయన దగ్గరికొచ్చిన మర్నాడు ఎక్కువ కనబడద్ది. నడుం కూడా లాగుతుంది. వంగి పని చేస్తాం కదా, అందుకే అయ్యుంటది."

"డాక్టరమ్మకి చెప్పొద్దూ?"

"వద్దక్కా. చెబితే ఇంకో ఆరు నెలలు పరీక్షలంటారు. లేకపోతే నేను పనికిరానంటారు. మళ్లీ ఎవర్ని వెతుకుతావు? ఆ టాబ్లెట్లు మొదలెడితే అదే సర్దుకుంటది."

నేను చదువుకున్నదాన్ని. ఇద్దరు పిల్లల తల్లికి అలా మధ్యలో రక్తం కనబడితే ఊరుకోకూడదని నాకు తెలుసు. మా కాలేజీలో ఆడపిల్లలకి దీని మీద ఒక సదస్సు పెట్టి, వేదిక మీద మైకు పట్టుకున్నదాన్ని నేనే. కానీ కోర్టు ఉత్తర్వు వచ్చి నాలుగు రోజులైంది. నాకు ముప్పై ఎనిమిది నిండాయి. క్లినిక్కు ఫ్రీజరులో అప్పటికే తయారుచేసి పెట్టిన మా పిండాలు నాలుగు ఉన్నాయి. తన మొహం చూశాను. బొండాంలో మిగిలిన నీళ్లు చప్పుడు చేస్తూ పీలుస్తోంది.

"సరే, ఈ నెల చూద్దాం," అన్నాను.

నేను అన్నది ఆ నాలుగు మాటలే. వాటిని తర్వాత ఎన్నోసార్లు వెనక్కి తిప్పి చూసుకున్నాను. ఎక్కడా కోపం లేదు, దుర్మార్గం లేదు. ఎంతో మర్యాదగా ఉంటుంది వాక్యం.

ఆ పరీక్ష మిగిలి ఉండగానే ఆ నెల మందులు మొదలయ్యాయి. గర్భసంచి లోపలి పొర మందం కావడానికి రోజుకి మూడు మాత్రలు. తను వాటిని అలారం పెట్టుకుని మింగేది. "మేం కూడా అంటు కట్టే ముందు వారం పది రోజులు కొమ్మకి ఆకులు తుంచేసి ఉంచుతామక్కా, మొగ్గ ఉబ్బాలని. నాకిప్పుడు అదే జరుగుతుంది," అని ఫోను చేసేది. ఫ్రీజరులో ఉన్న పిండాల్ని మనోళ్లు అనేది. "మనోళ్లు ఎలా ఉన్నారు? చలికి వణికిపోతున్నారేమో." బరువులు ఎత్తడం మానేసింది. వాళ్లాయన రెండు దిళ్లు కొన్నాడట. నేను కాలేజీలో పాఠం చెబుతూ చెబుతూ కిటికీలోంచి చూస్తూ ఉండిపోయేదాన్ని. మా జీవితాల్లో అంత సంతోషంగా ఉన్న నెల ఇంకోటి లేదు. ఆ సంతోషం కింద ఏముందో నాకు తెలుసు, అయినా సంతోషంగానే ఉన్నాను. మనిషి అలా ఉండగలదని అప్పుడే తెలిసింది.

పిండం పెట్టే ముందు ఒకసారి ఉత్తి గొట్టంతో దారి చూసుకుంటారు. ఆ రోజు తనని లోపలికి తీసుకెళ్లారు. అంతకుముందే "బయట ఉన్నాను అనకు" అని నేను చెప్పి పంపాను. పది నిమిషాల పని అన్నారు. అరగంటైంది. డాక్టరమ్మ చేతి తొడుగులు తీసేసుకుంటూ వచ్చి నా పక్కన నిలబడింది. మూతి దగ్గర కండ పెరిగి ఉంది, తాకితే రక్తం వస్తోంది, ముక్క తీసి పంపుతున్నాను, మాత్రలు ఆపేయండి అంది. నేను మాత్రలు ఆపేయండి అన్న మాట దగ్గరే ఆగిపోయాను. మా చెల్లికి ఏమైందండీ అని అడగాల్సింది పోయి, "అయితే ఈ నెల పెట్టరా?" అన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేదు.

పది రోజులకి రిపోర్టు వచ్చింది. క్యాన్సరు. పక్కలకి పాకింది. ఆపరేషను దశ దాటిపోయింది, కాకినాడ వెళ్లి రేడియేషను పెట్టించుకోవాలి అన్నారు. డాక్టరమ్మ తనని అడిగింది, "ఇంతకుముందు ఎప్పుడైనా మధ్యలో రక్తం కనబడిందా అమ్మా? ఎప్పట్నించి?"

తను నా వైపు చూడలేదు. సూటిగా డాక్టరమ్మ మొహంలోకి చూసి, "లేదండి. ఎప్పుడూ లేదండి," అంది.

పక్కనే వాళ్లాయన నిలబడి ఉన్నాడు. మా ఆయనా ఉన్నారు. నేను తన పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాను. నోరు విప్పలేదు. ఇది ఇంకా ఆశ వదులుకోలేదు, నయమైతే మళ్లీ తననే తీసుకుంటారని దాస్తోంది అనుకున్నాను. పిచ్చిది అని జాలి కూడా పడ్డాను.

తర్వాత ఒకరోజు నేనొక్కదాన్నే వెళ్లి డాక్టరమ్మని అడిగాను. నెల ముందే తెలిసుంటే బతికేదా అని. చెప్పలేమండి, అప్పటికే ఉండే ఉంటుంది, కొంచెం చిన్నదిగా ఉండేదేమో అంది. ఆ కొంచెం అన్న మాటతోనే నేను ఇంటికి వచ్చాను.

రేడియేషన్ని మా వైపు కరెంటు పెట్టడం అంటారు. తను వార్డులో అందరితోనూ, "నాకు ముప్పై కరెంట్లు రాశారండి, మీకెన్ని?" అని అడిగేది. అక్కడా ఊళ్లు అడిగేది. ఒళ్లు కాలిపోయి కూర్చోలేక, గోడకి ఆనుకుని నిలబడే కబుర్లు చెప్పేది. మొదట్లో వారానికోసారి వెళ్లేదాన్ని. తర్వాత నెలకోసారి. తర్వాత సెలవు దొరకడం లేదన్నాను. నాకు సెలవులు బోలెడున్నాయి. వెళ్లినప్పుడల్లా తను అడిగేది ఒకటే, "మనోళ్లు బాగున్నారా?" వాళ్ల ఆడపడుచుకి ఒక బాబు ఉన్నాడు, ఆరోగ్యంగా ఉంటుంది, అడిగి చూస్తానక్కా అని కూడా అంది. చూద్దాంలే అన్నాను. ఇంకొక కడుపు వైపు చూసే ధైర్యం నాకు లేదు. పిండాల్ని ఇంకో ఏడాది ఫ్రీజరులో ఉంచమని రాసిచ్చే కాగితం మీద ఈ ఏడు నేను సంతకం పెట్టలేదు.

రెండేళ్లు బతికింది.

కర్మ రోజున మనుషుల మధ్య ఏమీ మాట్లాడలేకపోయాను. పన్నెండో రోజు దాటాక పొద్దున్నే బస్సెక్కి కడియం వెళ్లాను. వాళ్లాయన షెడ్డులో కింద కూర్చుని అంటు కడుతున్నాడు. పెద్ద ఆర్డరు ఉందట, లారీ వచ్చేస్తుందట. నన్ను చూసి లేచి, బస్తా దులిపి స్టూలు మీద వేశాడు. పిల్లలు బడికి వెళ్లారు. కాసేపు ఎండ గురించి, లారీ గురించి మాట్లాడాం. తర్వాత అతను చేతిలో బ్లేడు కింద పెట్టాడు.

"వదినగారూ, మీకొక మాట చెప్పమందండి. పోయే నాలుగు రోజుల ముందు చెప్పింది. నాకు ఎలా చెప్పాలో తెలీక ఊరుకున్నాను."

"చెప్పండి."

"మధ్యలో కనబడతా ఉండేదంటండి, ముందునుంచీ. మా ఎవ్వరికీ చెప్పలేదు. మీకు కూడా చెప్పకుండా దాచేసిందంట. 'అక్కకి తెలిస్తే ఆ రోజే లాక్కెళ్లి డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టేసేది, అందుకే అక్క దగ్గర కూడా దాచాను, నా తప్పుకి అక్క కుమిలిపోతుంది, నన్ను క్షమించెయ్యమను' అందండి."

షెడ్డు మీద వేసిన ఆకుపచ్చ వలలోంచి ఎండ అతని చేతుల మీద పడుతోంది.

"నా దగ్గర దాచలేదండి," అన్నాను. "నాతో చెప్పింది. కాంప్లెక్సులో కూర్చుని అంతా చెప్పింది. ఈ నెల చూద్దాం అన్నది నేనే. ఊరుకున్నది నేనే."

చెప్పేశాను. ఇక అతను ఏమన్నా పడాలని కూర్చున్నాను. తిడితే బాగుండును, లేచి పొమ్మంటే బాగుండును అనుకున్నాను. అతను నన్ను చాలా జాలిగా చూశాడు. మా అత్తగారు కూడా నన్నలా చూడలేదు.

"మీరలా అంటారని కూడా చెప్పిందండి," అన్నాడు. "అక్క తన మీద వేసుకుంటది, నమ్మకు అంది. పోయే ముందు మనిషి అబద్ధమెందుకు ఆడుద్దండి?"

మళ్లీ బ్లేడు తీసుకుని పని మొదలుపెట్టాడు. నేను మరోసారి చెప్పాను, తారీఖుతో సహా చెప్పాను. ఊరుకోండి వదినగారూ, ఊరుకోండి అన్నాడు.

నేను చేసింది తెలిసిన మనిషి ఈ లోకంలో తనొక్కతే. దాన్ని కూడా తన పేరు మీద రాయించుకుని పోయింది. ఇప్పుడు నేను నిజం చెబితే నమ్మేవాళ్లు లేరు.